పగడాల అక్వేరియం: తక్కువ ఖర్చులో పరికరాల ఎంపిక

ఉప్పునీటిలో చేపలతోపాటు పగడపు జీవులనూ పెంచే గాజుతొట్టిని పగడాల అక్వేరియం లేదా రీఫ్ ట్యాంకు అంటారు. కొత్తగా మొదలుపెట్టేవారు తొట్టి ధర చూసి లెక్కలు వేసుకుంటారు గానీ, అసలు ఖర్చు నీటిది. కిలో నీటికి 35 గ్రాముల లవణం, 25–26 డిగ్రీల సెల్సియస్ వేడి ఎప్పుడూ అలాగే ఉండేట్టు చూడాలి.

జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ 1961లో, సూక్ష్మజీవులు నిండిన సముద్రపు రాళ్లూ గాలిబుడగలూ ఉంటే చాలంటూ ఒక పద్ధతిని వివరించాడు. తర్వాత బెర్లిన్‌లోని ఔత్సాహికులు ఆ రాళ్లకు, నురగతో మలినాలను తీసేసే ప్రోటీన్ స్కిమ్మర్‌నూ బలమైన దీపాలనూ జతచేశారు. భారతదేశంలో మాత్రం గట్టి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. మన సముద్రంలోంచి తీసిన పగడపు రాయి చవగ్గా దొరికితే అది బేరం కాదు, నేరం. దానికి బదులు పింగాణీ రాయి వేసి, దాని మీద బాక్టీరియా పెరిగేదాకా నాలుగు నుంచి ఆరు వారాలు చేపలు వేయకుండా ఆగాలి.

చిన్న తొట్టి చవకన్నది సగమే నిజం. 100 లీటర్ల తొట్టిలో 5 లీటర్లు ఆవిరైతే లవణీయత 35 నుంచి దాదాపు 37కు చేరుతుంది; 30 లీటర్ల తొట్టిలో అంతే నీరు పోతే 42. ఆవిరైన మేరకు మంచినీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు.

ఆ మంచినీటికి ఆర్‌వోతోపాటు డీఅయనైజేషన్ రెసిన్ కూడా కావాలి. వంటింటి ప్యూరిఫయర్లలో చాలావాటికి రుచి కోసం లవణాలను తిరిగి కలిపే ఏర్పాటు ఉంటుంది. ఆ నీరు ఇక్కడ పనికిరాదు. సముద్రపు ఉప్పు మిశ్రమం 100 లీటర్లకు సుమారు మూడున్నర కిలోలు పడుతుంది. విశాఖవాసికి డబ్బాతో సముద్రపు నీళ్లే తెచ్చుకుంటే పోలేదా అనిపించవచ్చు. కానీ వరదల కాలంలో గోదావరి, కృష్ణల నీరు కలిసి బంగాళాఖాతపు తీరజలాల ఉప్పదనం తగ్గిపోతుంది.

మన ఎండల్లో బడ్జెట్‌ను తేల్చేది నీటిని చల్లబరిచే చిల్లర్. చిన్న తొట్టికి చాలాసార్లు అన్నిటికన్నా ఖరీదైన పరికరం ఇదే. నీటి మీదికి గాలి తగిలేలా చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గవచ్చు. ఇది ఎయిర్ కూలర్ సూత్రమే కనుక హైదరాబాద్ పొడి ఎండలో పనిచేసినంతగా విశాఖ ఉక్కపోతలో పనిచేయదు. కరెంటునూ లెక్కలో వేసుకోవాలి: 100 వాట్ల పరికరం రోజంతా నడిస్తే 2.4 యూనిట్లు.

స్కిమ్మర్ లేకపోయినా, వారానికి పది శాతం నీరు మారుస్తుంటే 100 లీటర్ల తొట్టి నెట్టుకొస్తుంది. దీపం విషయంలో మెత్తని పగడాలకు ఓ మోస్తరు నీలికాంతి ఎల్ఈడీ సరిపోతుంది. నీటి కదలికకు గంటకు 2,000 లీటర్లు తోసే పంపు చాలు. పొదుపు చేయకూడనిది లవణీయత కొలిచే రిఫ్రాక్టోమీటర్, అమ్మోనియా పరీక్ష కిట్ల దగ్గర.

ఇన్వర్టర్ లేని ఇంట్లో బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఉండాలి. కరెంటు పోయి నీరు కదలడం ఆగితే, వేసవి రాత్రి కొన్ని గంటల్లోనే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి.