బొమ్మకు లేని బరువు

శనివారం సాయంత్రం నాలుగు కుటుంబాలు ఒక ఇంట కలిసినప్పుడు, భోజనాలు ముగిశాక, పిల్లలు లోపలి గదిలో ఏదో యానిమేషన్ చిత్రం పెట్టుకుంటారు. తెర మీద కుర్చీలు, పడవలు, కార్లు నేలను తాకకుండా తేలుతూ పోతుంటాయి. పెద్దల కబుర్లు కూడా అటే మళ్లుతాయి. "మన చిన్నప్పుడే చూపించారు గదా, తేలే కారు ఇప్పటికీ రాలేదేమండీ?" అని ఒకరంటారు. "మనిషిని చూస్తూ ఫోనులో మాట్లాడడం వచ్చింది. ఇదీ వస్తుంది, ఇంకో పదేళ్లు ఆగండి" అని మరొకరంటారు. విదేశాల్లోని తెలుగు ఇళ్లలో తరచు వినబడే ఈ కాలక్షేపపు మాటల్లో ఒక మంచి చారిత్రక ప్రశ్న ఉంది. ఒకే బొమ్మల కథ చూపిన కలలలో కొన్ని మన జేబులోకి వచ్చి చేరాయి. కొన్ని అరవై ఏళ్లు దాటినా తెర మీదే ఉండిపోయాయి. ఈ తేడా ఎందుకు వచ్చింది?

నూరేళ్ల తరువాతి నగరం

1962 సెప్టెంబరు 23, ఆదివారం రాత్రి, అమెరికాలో ఏబీసీ సంస్థ 'ది జెట్సన్స్' ధారావాహిక ప్రసారం మొదలుపెట్టింది. ఆ సంస్థ రంగులలో ప్రసారం చేసిన మొదటి కార్యక్రమం అదే. అంతకు పదకొండు రోజుల ముందే అధ్యక్షుడు కెన్నెడీ హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో చంద్రయాత్ర సంకల్పాన్ని చాటాడు. దేశం మొత్తం తల పైకెత్తి చూస్తున్న కాలమది. విలియం హానా, జోసెఫ్ బార్బెరాల స్టూడియో నిర్మించిన ఆ మొదటి విడతలో ఉన్నవి 24 భాగాలే. కథాకాలం నూరేళ్ల తరువాతిది. ఆకాశంలో స్తంభాల మీద ఇళ్లు, వాటి నడుమ తేలుతూ సాగే కారు. ఆఫీసు చేరగానే ఆ కారు మడతపడి చేతిపెట్టె అయిపోతుంది.

ఆ కథ చూపినవాటిలో ఎన్నో వచ్చాయి. ఎదుటి మనిషిని చూస్తూ మాట్లాడే తెర వచ్చింది. గోడకు అతుక్కునే పలుచని టీవీ వచ్చింది. ఒక భాగంలో కథానాయకుడు జార్జ్ వైద్యపరీక్ష కోసం ఒక గుళికను మింగుతాడు. అది కడుపులో తిరుగుతూ లోపలి సంగతులు చెబుతుంది. 2001లో అమెరికా ప్రభుత్వం అనుమతించిన కెమెరా గుళిక ఇంచుమించు ఆ పనే చేస్తుంది. చిన్నపేగు లోపలి రక్తస్రావాన్ని కనిపెట్టడానికి నేడు ఆసుపత్రులలో దానిని వాడుతున్నారు.

వచ్చినవాటినీ రానివాటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. వచ్చినవి బొమ్మను, మాటను, సమాచారాన్ని మోసేవి. వాటికి బరువు లేదు, లేదా గుళికకున్నంతే ఉంది. రానివి మనిషి దేహాన్ని ఎత్తి పట్టుకోవలసినవి.

గీతకు బరువు తెచ్చిన చిత్రకారులు

యానిమేషన్ చరిత్రను ఈ కోణం నుంచి చూస్తే ఒక తమాషా కనబడుతుంది. కాగితం మీది గీతకు బరువు ఉండదు. అది తేలడం సహజం, నేల మీద నిలవడమే కష్టం. 1914లో విన్సర్ మెకే అనే అమెరికన్ చిత్రకారుడు 'గెర్టీ' అనే డైనోసారును కదిలించినప్పుడు ప్రేక్షకులు మురిసిపోయినది ఆ జంతువు నడిచినందుకు మాత్రమే కాదు, అది బరువుగా నడిచినందుకు. 1930లలో డిస్నీ స్టూడియో చిత్రకారులు దీనినే ఒక శాస్త్రంగా మలిచారు. నేలను తాకిన బంతి కాస్త చపటగా అణగాలి, పైకి లేచేటప్పుడు సాగాలి. అప్పుడే చూసేవారి కన్ను దానికి బరువుందని నమ్ముతుంది. ఇంజనీర్లు ఉన్న బరువును మాయం చేయడానికి తంటాలు పడుతుంటే, చిత్రకారులు లేని బరువును తేవడానికి అంతే శ్రమపడ్డారు.

ఆ బరువును ఎప్పుడు తీసేయాలో కూడా వారికి తెలుసు. 1949లో చక్ జోన్స్ సృష్టించిన కయోటీ అనే నక్కజాతి జంతువు రోడ్ రన్నర్ పక్షిని తరుముతూ కొండ అంచు దాటి గాలిలోకి పరుగెడుతుంది. కిందికి చూసేదాకా పడదు. మన 'మాయాబజార్' (1957) యానిమేషన్ చిత్రం కాదు గాని, అందులో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతట అవే ఎగిరి వచ్చే దృశ్యం ఇదే కోవలోనిది. మార్కస్ బార్ట్‌లీ కెమెరా పనితనం వల్ల లడ్డూ తన బరువును కాసేపు మరిచిపోయింది. చూసినవారికి ఆ ఆనందం చాలు. ఎత్తిపట్టిన శక్తి ఏది, దాని ఖర్చెంత అని ఎవరూ అడగరు. తెర బయట మాత్రం మొదట అడగవలసిన ప్రశ్న అదే.

అయస్కాంత ద్వీపం, ఒక గణిత సిద్ధాంతం

ఆ ప్రశ్నకు జవాబు చెప్పబోయిన తొలి రచయితలలో జొనాథన్ స్విఫ్ట్ ఒకడు. 1726లో వెలువడిన 'గలివర్స్ ట్రావెల్స్'లో లాప్యూటా అనే దీవి గాలిలో తేలుతుంటుంది. దాని నడుమ పెద్ద అయస్కాంతం ఉంటుంది. దానిని తిప్పి దీవిని పైకీ కిందికీ, పక్కలకూ నడుపుతారు. పండితులను వెక్కిరించడానికి రాసినదే అయినా, అయస్కాంతం బరువును ఆపగలదన్న ఊహ చదువరులకు నమ్మదగినదిగానే తోచింది.

1842లో శామ్యూల్ ఎర్న్‌షా అనే ఆంగ్లేయ గణితవేత్త ఆ ఊహకు అడ్డుకట్ట వేశాడు. స్థిరమైన మామూలు అయస్కాంతాలను ఎన్ని విధాలుగా అమర్చినా, మరో అయస్కాంతాన్ని గాలిలో నిలకడగా నిలపడం సాధ్యం కాదని ఆయన సిద్ధాంతం తేల్చింది. ఒక దిక్కున నిలిచితే మరో దిక్కున జారిపోతుంది. బోర్లించిన గిన్నె మీద గోళీని నిలపబోవడం వంటిది ఇది.

1986లో జపానులో హయావో మియజాకి తన 'లాప్యూటా: ఆకాశ దుర్గం' చిత్రానికి స్విఫ్ట్ దీవి పేరే పెట్టుకున్నాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో జీరో యుద్ధవిమానాలకు చుక్కానులు తయారుచేసిన కుటుంబం ఆయనది. విమానానికి బరువెంతటి సమస్యో తెలిసిన ఇంట పెరిగాడు. ఆయన అయస్కాంతాన్ని వదిలి నీలి స్ఫటికాన్ని పెట్టుకున్నాడు. స్ఫటికానికి ఎర్న్‌షా సిద్ధాంతం వర్తించదు, ఎందుకంటే అది మాయారాయి.

కప్ప, రైలు

ఎర్న్‌షా సిద్ధాంతంలో సందులు లేకపోలేదు. అయస్కాంత క్షేత్రం నుంచి దూరంగా జరిగే స్వభావం గల పదార్థాలకు అది వర్తించదు. నీరు అటువంటిది, నీటితో నిండిన ప్రాణి శరీరమూ అటువంటిదే. 1997లో నెదర్లాండ్స్‌లోని నైమేఖన్‌లో ఆంద్రే గైమ్, ఆయన సహచరులు ఒక బతికున్న చిన్న కప్పను గాలిలో తేల్చారు. అందుకు 16 టెస్లాల అయస్కాంత క్షేత్రం కావలసివచ్చింది. ఆసుపత్రిలోని ఎమ్మారై యంత్రం సాధారణంగా 1.5 లేదా 3 టెస్లాలది. కొద్ది సెంటీమీటర్ల గొట్టంలో ఒక కప్పను ఎత్తడానికి మెగావాట్లలో విద్యుత్తు ఖర్చయింది. ఈ ప్రయోగానికి 2000లో నవ్వు పుట్టించే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ లభించింది. పదేళ్ల తరువాత గ్రాఫీన్ పరిశోధనకు గైమ్ అసలు నోబెల్ కూడా అందుకున్నాడు.

రెండవ సందు, అయస్కాంతాన్ని స్థిరంగా ఉంచకపోవడం. దూరాన్ని క్షణక్షణం కొలుస్తూ విద్యుత్తును పెంచుతూ తగ్గిస్తూ ఉంటే వస్తువు జారిపోదు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విమానాశ్రయంలో 1984లో ఇటువంటి చిన్న రైలు మొదలైంది. 600 మీటర్ల దారి మీద నడిచి 1995లో ఆగిపోయింది. షాంఘైలో 2004లో వాణిజ్య సేవ ప్రారంభించిన రైలు గంటకు 431 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంది. జపానులో అతివాహక అయస్కాంతాలతో నడిచే రైలు 2015 ఏప్రిల్ పరీక్షలో 603 కిలోమీటర్ల వేగాన్ని చేరింది. ఆ అయస్కాంతాలను ద్రవ హీలియంతో సున్నాకు 269 డిగ్రీల దిగువన ఉంచాలి. ఈ రైళ్లు తేలే మాట నిజమే. అయితే వాటి కోసం ప్రత్యేకంగా కట్టిన దారి మీద మాత్రమే తేలుతాయి. ఆ దారి దాటి ఒక అడుగు కూడా పోలేవు.

రెండు డబ్బాలు, ఒక లెక్క

దారి అక్కరలేకుండా తేలాలంటే మిగిలింది గాలి. 1955లో క్రిస్టఫర్ కాకరెల్ అనే ఆంగ్లేయ ఇంజనీరు పిల్లి తిండి డబ్బాను ఒక కాఫీ డబ్బాలో ఇమిడ్చి, రెంటి నడుమ సందులోంచి గాలిని కిందికి ఊది, ఎంత బలం పుడుతుందో వంటింటి త్రాసు మీద తూచాడు. అంచు చుట్టూ వలయంగా ఊదిన గాలి, ఒకే గొట్టంలోంచి ఊదినదానికంటే ఎక్కువ బరువును మోసింది. వాహనం కింద గాలి పరుపులా చిక్కుకుపోవడమే ఇందుకు కారణం. ప్రభుత్వం దీనిని కొంతకాలం రహస్యాల జాబితాలో ఉంచింది. నౌకాదళం అది విమానమన్నదనీ, వైమానికదళం పడవన్నదనీ, పదాతిదళం ఆసక్తే చూపలేదనీ కాకరెల్ తరువాత చెప్పుకునేవాడు. చివరకు 1959 జులై 25న ఎస్సార్ఎన్1 అనే హోవర్‌క్రాఫ్ట్ ఇంగ్లిష్ చానెల్‌ను దాటింది. లూయీ బ్లెరియో విమానంలో అదే చానెల్ దాటి ఆనాటికి సరిగ్గా యాభై ఏళ్లు.

1968 నుంచి పెద్ద హోవర్‌క్రాఫ్ట్‌లు ఆ చానెల్ మీద మనుషులనూ కార్లనూ చేరవేశాయి. తరువాత పొడిగించిన రకం 400 మందికి పైగా ప్రయాణికులను, 60 వరకు కార్లను మోసేది. ఇంధనం విపరీతంగా తాగేవి, చెవులు గింగురుమనే మోత చేసేవి. 1994లో సముద్రం కింది సొరంగం తెరిచాక వాటి అవసరం తగ్గింది. 2000 అక్టోబరు 1న చివరి ప్రయాణం ముగిసింది. నేల మీది చక్రంతో పోటీ పడలేక తేలే వాహనం తప్పుకుంది.

ఎందుకు పోటీ పడలేదో ఒక చిన్న లెక్క చెబుతుంది. మేజా మీద పెట్టిన పుస్తకాన్ని మేజా ఏళ్ల తరబడి మోస్తుంది. అందుకు పైసా శక్తి ఖర్చు కాదు. గాలిలో నిలవాలంటే మాత్రం గాలిని ఎడతెగక కిందికి నెడుతూనే ఉండాలి. సామగ్రితో కలిపి 100 కిలోల మనిషిని ఒక చదరపు మీటరు వైశాల్యంలో గాలిని నెట్టి నిలపాలంటే, ఏ నష్టమూ లేదనుకున్నా, సుమారు 20 కిలోవాట్ల శక్తి కావాలి. వైశాల్యాన్ని నూరు చదరపు మీటర్లకు పెంచితే 2 కిలోవాట్లు చాలు. అంటే తక్కువ ఖర్చుతో తేలాలంటే రెక్కలు ఇల్లంత ఉండాలి. చేతిపెట్టెలో ఇమడాలంటే ఖర్చు మోయలేనిది. జార్జ్ జెట్సన్ కారు ఈ రెంటినీ ఒకేసారి కోరింది.

రెండు కొసలకూ చరిత్రలో ఉదాహరణలున్నాయి. 1961 ఏప్రిల్ 20న అమెరికాలో బెల్ సంస్థ రాకెట్ పటకా కట్టుకున్న మనిషి తొలిసారి తాడు ఆధారం లేకుండా ఎగిరాడు. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో లోకమంతా అటువంటి పటకానే చూసింది. దానిలో నింపిన ఇంధనం 20 సెకన్లకు కాస్త అటూఇటుగా సరిపోయేది. రెండవ కొస 2013 జూన్‌ది. కెనడా బృందం తయారుచేసిన 'అట్లాస్' అనే హెలికాప్టరును ఒక మనిషి కేవలం పెడళ్లు తొక్కుతూ 64 సెకన్లు గాలిలో నిలిపాడు. 1980లో ప్రకటించిన సికోర్‌స్కీ బహుమతి 33 ఏళ్లకు ఆ బృందానికి దక్కింది. దాని నాలుగు రెక్కల చట్రాలలో ఒక్కొక్కటి సుమారు 20 మీటర్ల వ్యాసం కలది.

చక్రాలున్న 'హోవర్'

1989లో వచ్చిన 'బ్యాక్ టు ది ఫ్యూచర్' రెండవ భాగం 2015 అక్టోబరు 21 నాటికి పిల్లలు తేలే పలకల మీద తిరుగుతారని చూపింది. పలకలు నిజమేననీ, తల్లిదండ్రుల సంఘాలు అడ్డుపడినందువల్లే అంగళ్లలోకి రాలేదనీ దర్శకుడు రాబర్ట్ జెమెకిస్ సరదాగా చెబితే చాలామంది నమ్మేశారు. 2015 రానే వచ్చింది. ఒక కార్ల సంస్థ ద్రవ నత్రజనితో చల్లబరచిన పలకను స్పెయిన్‌లో తేల్చి చూపింది. నేల కింద అయస్కాంతాల దారి దాచిపెట్టి ఉంది. అదే ఏడు అంగళ్లలో 'హోవర్‌బోర్డ్' పేరుతో అమ్ముడైన వస్తువుకు మాత్రం రెండు చక్రాలున్నాయి. పేరులో ఉన్న తేలడం వస్తువులో లేదు. లిథియం బ్యాటరీలు అంటుకుంటున్నాయని 2016 జులైలో అమెరికాలో ఐదు లక్షలకు పైగా పలకలను వెనక్కి పిలిచారు. మణికట్టు, ముంజేయి విరిగిన పిల్లలు అత్యవసర విభాగాలకు వచ్చారు. కల పేరు పెట్టుకున్న వస్తువు మీద నుంచి పడినా, పడేది గట్టి నేల మీదే.

ఎముకకు తెలిసిన సంగతి

ఇంతవరకూ బరువు అడ్డంకిగానే కనబడింది. దాని రెండవ ముఖాన్ని చూపినది కూడా ఒక యానిమేషన్ చిత్రమే. 2008లో ఆండ్రూ స్టాంటన్ దర్శకత్వంలో వచ్చిన 'వాల్-ఈ'లో మనుషులు భూమిని వదిలి ఏడు వందల ఏళ్లుగా ఒక నౌకలో ఉంటారు. తేలే కుర్చీలలోనే తింటారు, మాట్లాడుకుంటారు. తరాలు గడిచేకొద్దీ వారి ఒళ్లు పెరిగి, ఎముకలు కుంచించుకుపోతాయి. నిలబడడమే మరిచిపోతారు.

ఈ ఊహకు గట్టి ఆధారం ఉంది. మోసే భారాన్ని బట్టి ఎముక తన నిర్మాణాన్ని మార్చుకుంటుందని జర్మన్ శస్త్రవైద్యుడు యూలియస్ వోల్ఫ్ 1892లోనే వివరించాడు. భారం ఉంటే గట్టిపడుతుంది, లేకపోతే కరుగుతుంది. అంతరిక్ష కేంద్రంలోని వ్యోమగాముల తుంటి ఎముక సాంద్రత, తగిన వ్యాయామం లేకపోతే, నెలకు 1 నుంచి 1.5 శాతం తగ్గుతుంది. అందుకే వారు రోజూ సుమారు రెండు గంటలు కసరత్తు చేస్తారు. మంచం పట్టిన వృద్ధుల ఎముకలకూ ఇదే జరుగుతుంది. తేలడం నిజంగా సాధ్యమైన చోట, మనిషి కృత్రిమంగా బరువును వెతుక్కోవలసివచ్చింది.

భోజనాల తరువాతి కబుర్లలో పుట్టిన ప్రశ్నకు ఇక జవాబు చెప్పవచ్చు. మాట, బొమ్మ బరువులేనివి గనుక జేబులోకి వచ్చాయి. కారు రాలేదు, ఎందుకంటే దానిని నేల ఊరికే మోస్తున్నది. ఆ పనిని అంత చవకగా చేసే యంత్రం ఇంతవరకూ పుట్టలేదు. పిల్లలు చిత్రం చూడడం ముగించి పెరట్లోకి పరుగెత్తినప్పుడు వారి ఎముకలను గట్టిపరిచేది కూడా ఆ నేలే.