వయోజన విద్యలో సహేతుక సర్దుబాటు: ఒక చట్టవాక్యం చరిత్ర

1988 మే 5న ప్రారంభమైన జాతీయ అక్షరాస్యతా మిషన్ 15 నుండి 35 సంవత్సరాల మధ్య వయస్కులైన నిరక్షరాస్యులను లక్ష్యంగా పెట్టుకుంది. నెల్లూరు జిల్లా అక్షరాస్యతా కేంద్రాలకూ దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమానికీ ఉన్న సంబంధం తెలుగు పరిశోధకులకు సుపరిచితమే. అంతగా చర్చకు రానిది బోధనా పద్ధతి. మూడు ముద్రిత వాచకాలు, సుమారు 200 గంటల అభ్యాసం అనే కొలమానంపై అది నిలబడింది. అచ్చును కంటితో చదివి, పాఠాన్ని చెవితో విని, సాయంత్రం కేంద్రానికి నడిచి రాగలవారే ఆ కొలమానానికి సరిపోయే అభ్యాసకులు.

1995 నాటి వికలాంగుల చట్టం 18 సంవత్సరాల వరకు ఉచిత విద్యను హామీ ఇచ్చింది. దాని 27వ సెక్షన్ 16 సంవత్సరాలు, ఆపై వయసుగల ‘పిల్లలకు’ ప్రత్యేక అక్షరాస్యతా తరగతులను ప్రస్తావించింది. ఈ పదప్రయోగం గమనార్హం. గరిష్ఠ వయస్సును పేర్కొనకుండానే అభ్యాసకుని బాల్యంలో నిలిపివేసిన చట్టభాష అది. సార్వత్రిక విశ్వవిద్యాలయాల ద్వారా విద్యాబోధనను కూడా ఆ సెక్షనే సూచించింది. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే ఏర్పడినందున తెలుగువారికి ఆ మార్గం కొత్త కాదు. అయితే దూరవిద్య ప్రయాణభారాన్ని తగ్గించగలదే గాని, అచ్చు పుస్తకాన్నీ రాతపరీక్షనూ దానంతటదే మార్చలేదు.

ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించగా, భారతదేశం 2007 అక్టోబరు 1న ధ్రువీకరించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలో ఈ లోపానికి సమాధానం ఉంది. 24వ అధికరణం ఐదవ క్లాజు రెండు వాక్యాలది. మొదటిది వయోజన విద్యలో, జీవితకాల అభ్యసనంలో సమాన ప్రవేశాన్ని కోరుతుంది. రెండవది అందుకోసం సహేతుక సర్దుబాటు కల్పించాలని రాజ్యాన్ని ఆదేశిస్తుంది. 2016 చట్టం 18వ సెక్షన్‌లో మొదటి వాక్యపు సారం వచ్చింది, రెండవది రాలేదు. సర్దుబాటు బాధ్యతను స్పష్టంగా చెప్పే 16వ సెక్షన్, ప్రభుత్వ నిధులో గుర్తింపో పొందిన విద్యాసంస్థలను ఉద్దేశించింది.

ఈ ఖాళీని చట్టంలోని సాధారణ నిబంధనలతోనే పూరించుకోవాలి. సర్దుబాటు నిరాకరణను 2వ సెక్షన్ వివక్షగా నిర్వచించింది. దానిని కల్పించే చర్యలు తీసుకోవలసిన బాధ్యతను 3వ సెక్షన్ ప్రభుత్వంపై పెట్టింది. 2021 ఫిబ్రవరి 11న వికాశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ భావననే విస్తరించింది. పరీక్షలో లేఖక సహాయం పొందడానికి 40 శాతం వైకల్యం తప్పనిసరి కాదని తేల్చింది. అయితే అది పోటీపరీక్షకు కూర్చున్న పట్టభద్రుని వ్యాజ్యం. తొలి అక్షరం దిద్దుతున్న వయోజనులు అటువంటి వ్యాజ్యం నడపడం ఎంత కష్టమో వేరుగా చెప్పనక్కరలేదు.

2022లో ఆమోదం పొందిన నవభారత సాక్షరతా కార్యక్రమం 15 సంవత్సరాలు పైబడిన వారందరికీ ఉద్దేశించినది. బోధన ప్రధానంగా స్వచ్ఛంద సేవకులది. బ్రెయిలీ వాచకాన్ని, సంజ్ఞాభాష తెలిసిన బోధకుని, అదనపు సమయాన్ని కోరే అభ్యాసకుడు ఆ సేవకుని ఎదుట కూర్చున్నప్పుడు, వాటిని సమకూర్చవలసినవారు ఎవరో 18వ సెక్షన్ చెప్పదు.