ఇంటిపేరు మారితే కుటుంబం పోయినట్టేనా? మిడిల్ పారిష్ సాక్ష్యం

ఇంగ్లండు పల్లెల మీద వచ్చిన పరిశోధనకు ఒక దురలవాటు పట్టుకుంది. కుటుంబం జాడ తీయడమంటే ఇంటిపేరు జాడ తీయడమే అనుకోవడం. పారిష్ రిజిస్టరులో ఒక పేరు ఆగిపోతే ఆ వంశం అంతరించిందనో, ఊరు విడిచిపోయిందనో తేల్చేస్తారు. ఇల్లరికాలు ఎరిగిన తెలుగు పరిశోధకులకు ఈ పద్ధతి మీద మొదటి చూపులోనే అనుమానం రావాలి. కొడుకులు లేని ఇంటికి అల్లుడు వస్తాడు. పొలం అదే, పొయ్యి అదే, పశువుల కొట్టం అదే. తర్వాతి తరానికి మారేది ఇంటిపేరొక్కటే. ఇంగ్లండులోనూ ఇదే జరిగిందని, చరిత్రకారులు దాన్ని వలస కింద లెక్కగట్టారని నా వాదన.

విగ్‌స్టన్ మాగ్నా అనే ఊరి మీద హాస్కిన్స్ (1957), కొలిటన్ అనే ఊరి మీద రిగ్లీ (1966) అనే చరిత్రకారులు చేసిన కృషి అందరికీ తెలిసిందే. చిక్కల్లా అలన్ మెక్‌ఫార్లేన్‌తోనే. ఆయన 1978లో ప్రచురించిన ఆంగ్ల వ్యక్తివాద మూలాల గ్రంథం, పదమూడో శతాబ్దం నుంచే ఇంగ్లండు సామాన్యుడికి భూమితో వంశబంధం లేదని ప్రకటించింది. అందుకు ఆయన ఎక్కువగా ఆధారపడిన గ్రామాల్లో ఎసెక్స్‌లోని ఎర్ల్స్ కోన్ ఒకటి. అక్కడ భూమి తరం తిరగకుండానే పరాయివాళ్ల చేతికి పోయిందంటారు. పరాయివాళ్లని ఎలా తెలిసింది? పేరు వేరు కనుక! 1991లో గోవింద్ శ్రీనివాసన్ ఆ ఊరి రికార్డులనే తిరిగి చదివి, భూమికీ కుటుంబానికీ ఉన్న బంధం మెక్‌ఫార్లేన్ చెప్పినంత బలహీనం కాదని వాదించారు. దానికి రిచర్డ్ హాయిల్ 1995లో అభ్యంతరం చెప్పారు. అయినా ఆ అభ్యంతరం అసలు ప్రశ్నను తాకదు.

లోపం ఆధారాల్లోనే ఉంది. 1538లో థామస్ క్రామ్వెల్ ఆదేశంతో మొదలైన రిజిస్టర్లలో చాలాచోట్ల బాప్టిజం నమోదుకు తండ్రి పేరే చాలు. పెళ్లి నమోదులో వధూవరుల తండ్రుల పేర్లు రాయడం 1837లో పౌర నమోదు వచ్చాక గాని నియమం కాలేదు. అంటే మూడు శతాబ్దాల పాటు ఆడపిల్ల పెళ్లినాడే కాగితం మీద నుంచి జారిపోయే వీలుంది. పదిహేడో శతాబ్దపు అంతర్యుద్ధ కాలంలో రిజిస్టర్లకే గండ్లు పడ్డాయి.

ఈ చీకట్లో మనకున్న దీపం ష్రాప్‌షర్‌లోని మిడిల్ పారిష్. న్యూటన్ ఆన్ ద హిల్ నివాసి రిచర్డ్ గాఫ్ (1635–1723) 1701–02లో తన ఊరి చరిత్ర రాశాడు. రాజుల వరుసలోనో, ఇంటిపేర్ల వరుసలోనో రాయలేదు. చర్చిలో ఎవరి బెంచీ ఎక్కడుందో పటం గీసి, ఒక్కో బెంచీ దగ్గర ఆగి, దాని మీద హక్కున్న ఇంట్లో ఎవరెవరు కాపురమున్నారో చెప్పుకుంటూ పోయాడు. బెంచీ హక్కు మనిషిది కాదు, ఇంటిది. పెద్ద కమతాలకు ముందు వరసలు, గుడిసెలకు వెనక వరసలు. అందుచేత గాఫ్ ఇంటిని పట్టుకుని కదులుతాడు. ఆ ఇంట్లో పుట్టిన ఆడపిల్లలు ఎవర్ని చేసుకున్నారో, అల్లుడు ఎలాంటివాడో, తాగుబోతయితే ఆ సంగతి కూడా, విడిచిపెట్టకుండా రాస్తాడు.

అంతర్యుద్ధంలో మిడిల్, మార్టన్, న్యూటన్ అనే మూడు పల్లెల నుంచి ఇరవై మంది రాజు పక్షాన వెళ్లారని, వారిలో పదమూడు మంది చనిపోయారని రాసింది గాఫే. అలా చచ్చిపోయినవాడికి అక్కచెల్లెళ్లే మిగిలితే, ఇంటిపేరు లెక్క ప్రకారం ఆ కుటుంబం ఆరిపోయినట్టే. వాళ్లలో ఒకరి భర్తకు కౌలు దక్కితే, రికార్డులో అతను 'కొత్తవాడు'. కౌలు పద్ధతీ ఈ దారికి అనుకూలమే. మిడిల్‌లో మూడు ప్రాణాల కౌలు వాడుకలో ఉండేది. పత్రంలో రాసిన ముగ్గురిలో ఆఖరి మనిషి బతికున్నంతవరకు అది చెల్లుతుంది. ఆ ముగ్గురిలో భార్యకో కూతురికో చోటిస్తే, భూమి ఆమె ఊపిరితో పాటు నిలుస్తుంది. ఇంగ్లండు రైతుకు వంశబంధం లేదనడానికి ఇంతకంటే గట్టి ఖండన ఏం కావాలి?

నాటింగమ్‌షర్‌లోని క్లేవర్త్‌లో 1676 నాటి 401 మంది నివాసుల్లో 244 మంది 1688 నాటికి లేరన్న లాస్లెట్, హారిసన్‌ల లెక్క ఉంది గాని, అది మనుషుల కదలికను చూపుతుందే తప్ప ఇళ్ల కదలికను కాదు. మిడిల్‌లో పెద్ద కమతాలు తరచుగా చేతులు మారాయని డేవిడ్ హే (1974) చూపినదీ నిజమే. చిన్న కమతాల కథ వేరు.

కాబట్టి ఇంగ్లండు గ్రామం నిత్యం చెదిరిపోయే వ్యక్తుల గుంపు అన్న సిద్ధాంతం రికార్డులు రాసినవారి చూపు నుంచి పుట్టింది, ఊళ్ల నుంచి కాదు. తండ్రుల వరుసలో తెగినట్టు కనిపించిన వంశాల్లో కొన్నైనా కూతుళ్ల వరుసలో సాగి ఉండాలి. అక్కడి పల్లెల్లో పూర్వీకుల జాడ వెతికేవారు పెళ్లి నమోదు దగ్గర ఆగిపోకుండా, పెళ్లికూతురి పుట్టింటి పొలం చివరకు ఎవరి పేరిట చేరిందో కౌలు పత్రాల్లో, వీలునామాల్లో చూడాలి. ఆ పని జరిగేదాకా మెక్‌ఫార్లేన్ రాసినదాన్ని ఇంగ్లండు కుటుంబాల చరిత్రగా కాక, ఇంగ్లండు ఇంటిపేర్ల చరిత్రగా మాత్రమే చదవాలి.