నామినీ గడిలో భార్య పేరు

“ఆవిడ పేరే రాయించాను. రేపు నాకేమైనా అయితే డబ్బంతా ఆవిడదే.” బీమా పాలసీ తీసుకున్న మగవాళ్లలో చాలామందికి ఈ ధీమా ఉంటుంది. ఏజెంట్లూ కాదనరు. భర్త బీమా సొమ్ము భార్యకు చెందుతుందా, అప్పులవాళ్లకా, మిగతా వారసులకా అన్న తగువు మాత్రం మన దేశంలో నూట యాభై ఏళ్లుగా నలుగుతూనే ఉంది.

1874లో వివాహిత స్త్రీల ఆస్తి చట్టం వచ్చింది. అందులో ఆరో సెక్షన్ బీమా గురించి. భర్త తన ప్రాణం మీద పాలసీ తీసుకుని, అది భార్యకో పిల్లలకో చెందాలని ఆ పాలసీ మీదే రాయిస్తే, ఆ సొమ్ము ట్రస్టు కింద లెక్క. అది భర్త ఆస్తిలో కలవదు, అతనికి అప్పులిచ్చినవాళ్లు దాని జోలికి రాలేరు. బాకీలు ఎగ్గొట్టడానికే తీసుకున్న పాలసీ అని తేలితే మాత్రం ఈ రక్షణ అడ్డురాదు.

ఇంత మంచి సెక్షన్‌కు ఓ మెలిక ఉంది. హిందూ, ముస్లిం, బౌద్ధ, సిక్కు, జైన వివాహితలకు ఈ చట్టం వర్తించదని రెండో సెక్షన్ అంటోంది. మరి హిందూ భర్త తీసుకున్న పాలసీ సంగతేమిటి? దశాబ్దాలపాటు ఇదే సందేహం. చివరికి 1913లో మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచి అలాంటి పాలసీకీ ఆరో సెక్షన్ వర్తిస్తుందని తేల్చింది. మిగతా బ్రిటిష్ ఇండియాకు ఆ భరోసా 1923 సవరణతోగానీ రాలేదు. చిత్రమేమిటంటే ఆ సవరణలో రెండు తేదీలు పెట్టారు: మద్రాసులో 1913 డిసెంబరు 31 తర్వాతి పాలసీలకు, ఇతర చోట్ల 1923 ఏప్రిల్ 1 తర్వాతి వాటికి. చట్టంలో ఆ తేదీలు ఇవాళ్టికీ అలాగే ఉన్నాయి. కోస్తా, రాయలసీమ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవి కనుక, బొంబాయివాళ్లకంటే తొమ్మిదేళ్ల ముందే గుంటూరు, కర్నూలు ఇల్లాళ్లకు ఆ అండ దొరికిందన్నమాట. నిజాం రాజ్యానికి ఈ చట్టంతో పనిలేదు. అక్కడ 1907లో సర్కారు ఉద్యోగుల కుటుంబాల కోసం పెట్టిన ఫండే ఇప్పటి ప్రభుత్వోద్యోగుల జీవిత బీమాకు మూలం.

1925లో భోగరాజు పట్టాభి సీతారామయ్య బందరులో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టేనాటికి చట్టం సిద్ధంగానే ఉంది. కానీ 1938 బీమా చట్టం 39వ సెక్షన్‌తో నామినీ పద్ధతి తెచ్చింది. ఒక పేరు రాస్తే చాలు, కంపెనీ ఆ మనిషికి డబ్బిచ్చి చేతులు దులుపుకోవచ్చు. కంపెనీకి సుఖమే. జనం మాత్రం నామినీనే హక్కుదారు అనుకున్నారు.

ఆ భ్రమ 1983 డిసెంబరులో సుప్రీంకోర్టులో వీగిపోయింది. 1967లో ఒకాయన వీలునామా రాయకుండా చనిపోయాడు. పదేసి వేల పాలసీలు రెండు, రెండింటికీ నామినీ భార్యే. తల్లి, కొడుకు వాటా అడిగారు. మొత్తం తనదేనని భార్య అంది. వేరే కేసులో ఢిల్లీ హైకోర్టు అంతకుముందు నామినీ పక్షమే వహించింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కంపెనీ దగ్గర సొమ్ము పుచ్చుకోవడం వరకే నామినీ పని, ఆ తర్వాత వారసత్వ చట్టం ప్రకారం పంచాల్సిందేనంది. తల్లికి, కొడుక్కి, భార్యకు తలో మూడోవంతు.

2015లో 39వ సెక్షన్‌ను సవరించారు. తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, పిల్లలు నామినీలైతే సొమ్ము మీద హక్కు కూడా వాళ్లదేనని అందులో ఉంది. తగువు తీరిందనుకుంటే పొరపాటే. వారసులకు దావా వేసే హక్కు పోలేదన్న తీర్పులు ఆ తర్వాతా వచ్చాయి.

పాత 1874 చట్టం కింద పాలసీ తీసుకోవడం ఇప్పటికీ వీలే. ప్రపోజల్‌తో పాటు ఇంకో ఫారం నింపితే సరిపోతుంది, ప్రీమియం పెరగదు. అయితే తర్వాత మనసు మార్చుకుని ఆ సొమ్ము సొంతానికి వాడుకోవడం కుదరదు. వ్యాపారమో పెద్ద అప్పో ఉన్నవాళ్లు కొత్త పాలసీ మీద సంతకం పెట్టేముందు ఏజెంటును ఆ ఫారం అడగండి. పాలసీ ఇప్పటికే తీసుకుని ఉంటే, కనీసం వీలునామా అయినా రాసి పెట్టండి.