హనుక్కా: కత్తి నుంచి దీపానికి

ఒక్కరోజుకు సరిపడే నూనె ఎనిమిది రోజులు వెలిగిందనీ, అందుకే ఎనిమిది దీపాలు పెడతామనీ యూదుల ఇళ్ళలో పిల్లలకు చెబుతారు. అయితే హనుక్కా పుట్టుకను చెప్పే తొలి గ్రంథాలలో ఈ నూనె కథ లేదు.

క్రీ.పూ. 167లో సెల్యూకస్ వంశపు రాజు నాలుగవ ఆంటియోకస్ సున్నతినీ, విశ్రాంతి దినాన్నీ నిషేధించి, యెరూషలేము ఆలయంలో గ్రీకు దేవతారాధన పెట్టించాడు. మత్తతియా అనే యాజకుడి కుటుంబం తిరగబడింది. అతని కుమారుడు యూదా మక్కబీ ఆలయాన్ని చేజిక్కించుకొని, క్రీ.పూ. 164లో కిస్లేవు నెల 25న కొత్త బలిపీఠాన్ని ప్రతిష్ఠించాడు. హనుక్కా అన్న హీబ్రూ మాటకు ప్రతిష్ఠ అనే అర్థం. ఎనిమిది రోజులెందుకంటే, కొండల్లో తలదాచుకున్నప్పుడు సరిగా జరుపుకోలేకపోయిన పర్ణశాలల పండుగను తలచుకొని ఆ రీతిలో చేశారని మక్కబీయుల రెండవ గ్రంథం చెబుతుంది.

నూనె అద్భుతం కొన్ని శతాబ్దాల తరువాత కూర్చిన బాబిలోనియా తాల్ముద్‌లో కనిపిస్తుంది. ఈలోగా చాలా జరిగింది. మక్కబీల వారసులు రాజులయ్యారు. ప్రధాన యాజకత్వాన్నీ తామే పుచ్చుకున్నారు. సింహాసనం కోసం అన్నదమ్ములు కలహించారు. ఆ కలహంలోనే క్రీ.పూ. 63లో పాంపే యెరూషలేములో అడుగుపెట్టాడు. క్రీ.శ. 70లో రోమన్లు ఆలయాన్నే నేలమట్టం చేశారు. 132లో లేచిన బార్ కోఖ్బా తిరుగుబాటు 135 నాటికి నెత్తుటిలో ముగిసింది. కత్తితో గెలిచింది ఎన్నాళ్ళు నిలిచిందో ఆ గురువులకు ఎవరూ చెప్పనక్కరలేదు. వారు పండుగను విడిచిపెట్టకుండా దీపాన్ని దాని నడుమకు తెచ్చారని అనుకోవడం అసంగతం కాదు. యుద్ధాన్ని దాచారనీ అనలేము. ఆ రోజుల్లో చదివే ప్రత్యేక ప్రార్థన నేటికీ విజయాన్నే స్మరిస్తుంది, నూనె ఊసెత్తదు. పండుగలో వచ్చే విశ్రాంతి దినాన మాత్రం, బలంతో కాక దైవాత్మతోనే కార్యం నెరవేరుతుందని ప్రకటించే జెకర్యా ప్రవచనం చదువుతారు.

దీపాల లెక్క మీదా వాదం నడిచింది. తొలినాడు ఎనిమిది వెలిగించి రోజుకొకటి తగ్గించాలని షమ్మాయి శిష్యులు. ఒకటితో మొదలుపెట్టి పెంచాలని హిల్లేలు శిష్యులు. పవిత్రతలో పైకి ఎక్కాలే గాని దిగకూడదన్నది వీరి వాదన. అదే నిలిచింది. ఆ వెలుగును పనికి వాడుకోకూడదు; డబ్బు లెక్కపెట్టుకోవడానికి సైతం పనికిరాదు. అది చూడడానికే. అవసరానికి పక్కన వేరే దీపం ఉంటుంది. దాని పేరు షమాష్, అంటే సేవకుడు.

దీపాన్ని ఇంటి గుమ్మం బయట, వీధికి కనబడేలా పెట్టాలని తాల్ముద్ విధి. మేడ మీద ఉండేవారు వీధివైపు కిటికీలో పెట్టవచ్చు. వెంటనే మరో మాట కూడా ఉంది: ప్రమాదకాలమైతే ఇంట్లో బల్ల మీద పెట్టుకుంటే చాలు.