స్వాతికి ఒక హెచ్

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ఇళ్లలో బారసాల నాడు పళ్లెంలో పరిచిన బియ్యం మీద ఉంగరంతో పేరు రాస్తారు. తెలుగులో స్వాతి అని రాయడానికి ఒకటే దారి. ఇంగ్లీషులోకి వెళ్లేసరికి అదే పేరు రెండు మూడు రూపాలెత్తుతుంది. ఏ రూపం ఖాయం చేయాలన్న తర్జనభర్జన ఇళ్లలోకి వచ్చింది ఈ మధ్యనే. అంతకుముందు అది గుమాస్తాల పని.

మొదట గుమాస్తాల చేతికి చిక్కినవి ఊళ్ల పేర్లు. 1611లో ఇంగ్లీషు కంపెనీ వర్తకస్థావరం పెట్టిన బందరు (మచిలీపట్నం) వాళ్ల కాగితాల్లో మసులిపటం అయింది. కృష్ణ 'కిస్ట్నా' అయింది. 1883లో గార్డన్ మెకంజీ రాసిన జిల్లా మాన్యువల్ మీదా, 1908 నాటి ఇంపీరియల్ గెజిటీర్‌లోనూ ఈ రూపమే ఉంది. చెవికి వినబడినట్టు రాసే అలవాటును మాన్పడానికి హంటర్ పద్ధతి అప్పటికే వచ్చినా, వాడుకలో నాటుకున్న పేర్ల జోలికి అది పెద్దగా పోలేదు.

ఇంగ్లీషు బడులు వచ్చాక (బందరులో నోబుల్ బడి 1843 నాటిది) మనుషుల పేర్లూ ఆ లిపిలోకి ఎక్కాయి. శకారానికి ఒక్క ఎస్ చాలన్నది పాత తరం లెక్క. గుడివాడ ప్రాంతంలో పుట్టిన అక్కినేని నాగేశ్వరరావు, ఘంటసాల వెంకటేశ్వరరావు పేర్లు ఇంగ్లీషులో అలాగే స్థిరపడ్డాయి. ఇప్పటి పిల్లల పేర్లలో ఎస్ పక్కన హెచ్ చేరుతోంది. దివిసీమలో మోపిదేవి స్వామి పేరు పెట్టుకున్నవాళ్లది మరో చిక్కు: సుబ్రహ్మణ్యంలోని హకారాన్ని ఒకరు ఉంచుతారు, ఒకరు వదిలేస్తారు.

అన్నిటికన్నా పెద్ద పేచీ తకారానిది. ఇంగ్లీషు టీ తెలుగు చెవికి 'ట'గా వినిపిస్తుంది. అందుకే 'త' కోసం టీ పక్కన హెచ్ పెట్టారు. ఉత్తరాదిలో ఆ హెచ్ లేదు. అమెరికా బడిలో అదే హెచ్ వల్ల స్వాతి 'స్వాథి' అవుతుంది.

ఆ పైన సంఖ్యాశాస్త్రం వచ్చిపడింది. ఐర్లాండ్‌లో పుట్టిన కీరో ప్రచారం చేసిన లెక్కలో హెచ్‌కు విలువ 5. హెచ్ లేని స్వాతి మొత్తం 15, అంటే 6. హెచ్ చేరిస్తే 20, అంటే 2. మరో ఎ కలిపితే 21, అంటే 3. ఉచ్చారణతో ఈ కూడికకు ఏ సంబంధమూ లేదు.

1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పేరు లేకుండానే జననాన్ని నమోదు చేయవచ్చు. ఏడాది లోపు పేరు రాయిస్తే రుసుము లేదు; తర్వాత రుసుముతో పదిహేనేళ్ల వరకు వీలుంది. అందుకే చాలాకాలం పదో తరగతి సర్టిఫికెట్ మీద పడిన స్పెల్లింగే అసలు స్పెల్లింగు. 2023 అక్టోబరు 1న సవరణ అమల్లోకి వచ్చాక పుట్టినవారికి బడిలో చేరికకూ, ఆధార్‌కూ, పాస్‌పోర్టుకూ జనన ధ్రువపత్రమే ఆధారం. హెచ్ ఉండాలా వద్దా అన్నది ఇక ఉయ్యాలనాడే తేలాలి.