స్క్రాబుల్‌లో ‘క్యూ’ మిగిలిపోయిందా? ‘యు’ లేకున్నా పర్లేదు!

స్క్రాబుల్ ఆడేవాళ్లకు చివర్లో టెన్షన్ పెట్టేది ‘క్యూ’ అక్షరమే. 100 టైల్స్‌లో ఇది ఒక్కటే ఉంటుంది, విలువ 10 పాయింట్లు. ఆట ముగిసేసరికి మీ దగ్గర ఉండిపోతే 10 కట్. టైల్స్ అన్నీ వాడేసిన ప్రత్యర్థికి అదే 10 ప్లస్. అంటే తేడా ఏకంగా 20!

పక్కన ‘యు’ ఉండాల్సిందే అనుకుంటారు చాలామంది. అక్కర్లేదు. క్యూ, ఐ పెడితే చాలు, 11 పాయింట్లు. దీన్ని ‘చీ’ అని పలకాలి, చైనీయుల భావనలో ప్రాణశక్తి. తెలుగులో అలా అంటే అవతలివాళ్లకు కోపమొస్తుంది, అది వేరే సంగతి! క్యూ-ఏ-టీ అంటే యెమెన్‌లో మత్తు కోసం నమిలే ఆకు. మనకు బాగా తెలిసిన ఫకీర్, ఖవ్వాలీ, వక్ఫ్ కూడా క్యూతో రాస్తే కాలిన్స్ స్క్రాబుల్ జాబితాలో చెల్లుతాయి.

అచ్చులే రాలేదా? సి-డబ్ల్యు-ఎం వేయండి. పలుకు ‘కూమ్’, వెల్ష్ భాషలో లోయ. ఎవరెస్ట్ దారిలోని ‘వెస్టర్న్ కూమ్’లో ఉన్నది ఈ మాటే.

అమెరికాలో వాడే జాబితా వేరు. అందుకే ఏది పాటించాలో ఆట మొదలెట్టే ముందే తేల్చుకోండి.